కొండకూ పురుడుంటుంది

"అమ్మా, కొండలెక్కడం నేర్చుకుంటానే!" అని మీ అమ్మాయి అడిగితే మీరేమంటారు? ఒకప్పుడైతే "కాళ్ళు విరగ్గొట్టుకుంటావు, కూర్చో" అనేవాళ్ళం. ఇప్పుడలా అనడానికి వీల్లేదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, ఇంకా పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కేసింది! ఆ పిల్లా, తనతో పాటు శిఖరం చేరిన ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది హిమాలయాల్లో కాదు. మన భువనగిరి రాతిగుట్ట మీదే.

మన కనిగిరి వాళ్ళకు మాత్రం కొండలకేం కొదవ? ఊరిని ఆనుకునే దుర్గం కొండ ఉంది. చంద్రశేఖరపురం వైపు వెళితే భైరవకోన. కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. కార్తీకమాసంలో వనభోజనాలకనీ, శివరాత్రికనీ ఏటా వెళ్తూనే ఉంటాం. ఇంకాస్త ముందుకెళితే నల్లమల అడవి ఉండనే ఉంది.

కొండెక్కే పిల్లలకు తాడు ముడి వేయడం, హెల్మెట్ పెట్టుకోవడం, పట్టు తప్పితే ఏం చేయాలో గురువులు నేర్పుతారు. ఒక్క పాఠం మాత్రం ఇంట్లోనే మొదలవ్వాలి. అదేమిటంటే, "ఇప్పుడు ఎక్కకూడదు" అన్నప్పుడు ఆగడం!

మనింట్లో పురుడొస్తే ఏం చేస్తాం? పురిటిగదిలోకి అందర్నీ రానివ్వం. వచ్చిన చుట్టాల మీద కోపమా? కాదు కదా! తల్లీబిడ్డా కోలుకోవాలని. కొండకూ అంతే. గేటు మూశారంటే లోపల ఎవరికో పురుడు జరుగుతోందనో, నిప్పు భయం ఉందనో అర్థం.

గూళ్ళ వేళ

బెంగళూరు దగ్గర రామనగరం రాతికొండలు తెలుసుగా? 1975లో వచ్చిన 'షోలే' సినిమా తీసింది అక్కడే. అక్కడి రామదేవరబెట్ట రాళ్ళ మీద రాబందులు గూళ్ళు పెడతాయి. 2012లో దాన్ని రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. రాబందు ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫినాక్ మందు వల్ల దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకుండా నిషేధించారు. మిగిలిన ఆ కాసిని పక్షుల గుడ్డు పక్కన మనం తాడు వేలాడదీస్తే ఎలా?

మన గుట్టల్లోనూ పెద్ద గుడ్లగూబ గూడంటూ కట్టదు. రాతి అరుగు మీదే గుడ్లు పెట్టేస్తుంది. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడిపోతాయి, లేదా కాకుల పాలవుతాయి. అసలు చిక్కేమిటంటే, ఎండ తగ్గి ఎక్కడానికి హాయిగా ఉండే చలికాలంలోనే ఈ పక్షులు గుడ్లు పెట్టడం మొదలెడతాయి. అలాగని కొండలన్నీ వదులుకోవాలా? అక్కర్లేదు. గూడున్న ఆ ఒక్క బండను విడిచిపెట్టి ఇంకో బండ చూసుకుంటే చాలు. అమెరికాలో మీ అబ్బాయో అమ్మాయో ఉంటే అడిగి చూడండి. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో బైరి డేగలు గూడు పెట్టే బండలను సాధారణంగా మార్చి 1 నుంచి జూలై 15 దాకా మూసేస్తారు. మిగతావి తెరిచే ఉంటాయి. ఒకప్పుడు అంతరించిపోతాయనుకున్న ఆ డేగలు కోలుకుని, 1999లో అక్కడి ప్రమాద జాబితా నుంచే బయటపడ్డాయి.

ఇక రాతి కొసలకు వేలాడే పెద్ద తేనెపట్ల సంగతి. పొగ తగిలినా, రాయి తగిలినా ఈగలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. నేల మీదున్నవాడు పరుగెత్తగలడు. తాడు మీద వేలాడుతున్న పిల్ల ఎక్కడికి పోతుంది?

మంటల వేళ

శివరాత్రి నుంచి తొలకరి దాకా అడవిలో ఆకంతా రాలి ఉంటుంది. గడ్డి ఎండి గలగలలాడుతుంటుంది. ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు.

అగ్గిపుల్ల గీసి తల కిందికి వంచండి. మంట పుల్ల వెంట పైకి పాకి క్షణంలో వేలు కాలుస్తుంది. తల పైకి పెడితే నెమ్మదిగా దిగుతుంది. కొండ మీద మంటా అచ్చం ఇలాగే! కింద అంటుకున్న నిప్పు వేడి పైనున్న గడ్డిని ముందే ఆరబెట్టేస్తుంది, అందుకే పైకి పరుగెత్తుతుంది. ఏటవాలులో మనిషి దానికంటే వేగంగా ఎక్కలేడు.

2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగింది ఇదే. మహిళా దినోత్సవం సందర్భంగా కొండ నడకకు వెళ్ళిన బృందాన్ని గడ్డివాలులో మంటలు చుట్టుముట్టాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది చదువుకున్న, ఉద్యోగాలు చేస్తున్న అమ్మాయిలే. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం కొండ నడకలకు నియమాలు పెట్టింది. ఇప్పుడు మంటల కాలంలో అక్కడి దారులు మూసేస్తున్నారు. 2021 ఆగస్టు చివర్లో కాలిఫోర్నియాలోనైతే జాతీయ అడవులన్నిటినీ దాదాపుగా మూసేశారు.

వానల వేళ

నల్లమల పులుల అభయారణ్యంలో జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా సందర్శకులను ఆపుతారు. ఇష్టకామేశ్వరి అమ్మవారి దర్శనానికి అడవిలోకి వెళ్ళే దారీ, సఫారీలూ అప్పుడు ఉండవు. అది జంతువులు జతకట్టే కాలం. పైగా తడిసిన బండ జారుతుంది, వాగు చెప్పి పొంగదు.

"బోర్డు పెట్టారు గానీ ఎందుకో చెప్పరేం?" అని మీకు విసుగు రావచ్చు. ఆ విసుగు న్యాయమే. కానీ బోర్డు పక్కనుంచి దూరిపోవడం దానికి జవాబు కాదు. అడగండి, చెప్పించుకోండి.

మీరు చేయగలిగినవి

* బయల్దేరే ముందు ఆ ప్రాంతపు అటవీ రేంజి కార్యాలయంలో కనుక్కోండి. "పోయినేడు వెళ్ళాం కదా" అనుకోవద్దు. ఏ ఏటికాయేడే అడగాలి.

* పశువులు మేపుకునే పెద్దలను పలకరించండి. ఏ బండ మీద గూడుందో, ఎక్కడ తేనెపట్టుందో వాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

* సంచి సర్దేది మీరేగా! అక్కడ పొయ్యి వెలిగించే పని లేకుండా పులిహోర, దద్దోజనం, సజ్జరొట్టెలు, వేయించిన శనక్కాయలు కట్టివ్వండి. అగ్గిపెట్టె ఇంట్లోనే ఉండనివ్వండి. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు పెట్టండి.

* గుడి దగ్గర దీపం పెడితే ఎండాకులకు దూరంగా రాతి మీద పెట్టండి. కొండెక్కే దాకా అక్కడే కూర్చోండి.

* పక్షి అరుస్తూ నెత్తి మీదే తిరుగుతోందంటే గూడు దగ్గర్లోనే ఉందన్నమాట. వెంటనే దిగి రమ్మని పిల్లలకు చెప్పండి.

* పొగ కనిపిస్తే పైకి వెళ్ళొద్దు. గడ్డి లేని చోటుకు, వీలైతే పక్కకూ కిందికీ తప్పుకుని 112కి ఫోన్ చేయాలి.

* వేసవి సెలవులు సరిగ్గా మంటల కాలంలోనే వస్తాయి. ఆ రోజుల్లో పిల్లలను అడవి కొండకు కాక, హైదరాబాదు లాంటి నగరాల్లో ఉన్న కృత్రిమ గోడల మీద సాధన చేయనివ్వండి.

మీ అమ్మాయి ధైర్యవంతురాలు కావాలని మీకుంటుంది, తప్పకుండా కానివ్వండి. ఎక్కడానికెంత ధైర్యం కావాలో, కొండ దాకా వెళ్ళి మూసిన గేటు చూసి వెనక్కి రావడానికీ అంతే కావాలి. ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికొస్తే ఓ ముద్ద ఎక్కువే పెట్టండి. కొండ ఎక్కడికీ పోదు. వచ్చే నెలకూ, వచ్చే ఏటికీ అక్కడే ఉంటుంది. పిల్ల క్షేమంగా ఉంటే చాలు, మళ్ళీ వెళ్ళొచ్చు.