చేరే దారి సరే, బయటికొచ్చే దారి?

ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లి, అక్కడే ఉద్యోగం, ఇల్లు, పిల్లలతో ఇరవై, పాతికేళ్లు గడిపిన తెలుగు తల్లిదండ్రులకు కూడా ఆ దేశపు కాలేజీ జీవితంలో ఒక పెద్ద ముక్క తెలియదు. తెలుసుకునే అవసరం వాళ్లకు పడలేదు. ఎమ్మెస్ విద్యార్థికి కాలేజీ అంటే ల్యాబు, ప్రొఫెసర్ దగ్గర పని, నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న అపార్ట్‌మెంటు, వారాంతంలో వంట, ఇంటికి ఫోను. గ్రీకు అక్షరాల పేర్లున్న పెద్ద పెద్ద ఇళ్లు క్యాంపస్ పక్క వీధిలోనే ఉన్నా, అవి డిగ్రీలో చేరే పద్దెనిమిదేళ్ల పిల్లల ప్రపంచం: అమ్మాయిల సంఘాలు సోరోరిటీలు, అబ్బాయిలవి ఫ్రెటర్నిటీలు. అందుకే డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, అట్లాంటాలోనో పెరిగిన కూతురు కాలేజీలో చేరుతూ ‘నేను సోరోరిటీ రష్‌కి వెళ్తున్నా’ అంటే ఇంట్లో తరచూ రెండే రకాల మాటలు వినిపిస్తాయి. ‘తాగుళ్లు, పార్టీలు... అలాంటి చోటికి వెళ్లడానికి వీల్లేదు’ అన్నది ఒకటి. ‘ఏదో అమ్మాయిల క్లబ్బట, చేరనీలే’ అన్నది రెండోది. రెండూ అసలు విషయాన్ని తాకవు. సోరోరిటీ మంచిదా చెడ్డదా అంటే క్యాంపస్‌ను బట్టి, అక్కడి శాఖ (చాప్టర్)ను బట్టి, ఆ ఏడాది అందులో ఉన్న సీనియర్లను బట్టి జవాబు మారిపోతుంది. తల్లిదండ్రులు అడగాల్సింది మరొకటుంది. నచ్చనప్పుడు మా అమ్మాయి అందులోంచి ఎంత సులువుగా బయటికి రాగలదు? సోరోరిటీ ఇచ్చే బలమూ, తెచ్చే ముప్పూ రెండూ ఆ బంధం గట్టిదనంలోనే ఉన్నాయి కాబట్టి, కొలవాల్సింది ఆ ముడినే.

ఈ సంఘాలు పుట్టిన కారణం గౌరవించదగ్గది. మగపిల్లలే ఎక్కువగా ఉన్న కాలేజీల్లోకి అమ్మాయిలు గుప్పెడుమందిగా అడుగుపెడుతున్న రోజుల్లో, ఒకరికొకరు తోడుగా ఉండాలని వీటిని పెట్టుకున్నారు. ఇల్లినాయ్‌లోని మన్‌మౌత్ కాలేజీలో 1867లో మొదలైన సంఘం నేటి పై బీటా ఫై. 1870లో ఇండియానాలో కప్పా ఆల్ఫా థీటా వచ్చింది. తెల్లవాళ్ల సంఘాల తలుపులు మూసి ఉన్న కాలంలో, 1908లో, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫాను స్థాపించుకున్నారు. చెన్నై మూలాలున్న తల్లికి పుట్టిన కమలా హారిస్ అక్కడ చదివేటప్పుడు చేరింది అందులోనే. మన పిల్లలకు దగ్గరగా ఉండేవి 1998లో పుట్టాయి. హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో. మూడూ దక్షిణాసియా అమ్మాయిలు పెట్టుకున్నవే, మూడూ ఒకే ఏడాది. వలస వచ్చిన మొదటి తరం పిల్లలు కాలేజీ వయసుకొచ్చి, తమకంటూ ఒక గూడు కావాలనుకున్న సమయమది. ఆ అవసరం నిజమైనది. దాన్ని చిన్నచూపు చూస్తూ కూతురితో మాట మొదలుపెడితే, ఆ మాట అక్కడితోనే ఆగిపోతుంది.

చేరే పద్ధతి గురించి ఇంట్లో ఎవరూ వివరంగా అడగరు. అడగాలి. పాత, పెద్ద సోరోరిటీలు దాదాపు పాతిక కలిసి 1902 నుంచి నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ గొడుగు కింద నడుస్తున్నాయి. వీటి ప్రధాన ఎంపిక ప్రక్రియనే రష్ అంటారు. చాలా క్యాంపస్‌లలో అది క్లాసులు మొదలయ్యే ముందో, మొదలైన కొత్తల్లోనో కొద్దిరోజుల్లో ముగిసిపోతుంది. అమ్మాయి ఒక్కో సోరోరిటీ ఇంటికీ వెళ్లి మాట్లాడుతుంది, ఆ ఇంటివాళ్లు ఆమెను చూస్తారు, రోజురోజుకూ జాబితా కుదించుకుపోతుంది. చివరి రోజు ఆమె ఏయే సంఘాల్లో చేరడానికి సిద్ధమో వరసగా రాసి సంతకం పెడుతుంది. ఆ కాగితానికి కట్టుబాటు ఉంది. తాను రాసిన సంఘాల్లో ఒకటి బిడ్ (చేరమనే ఆహ్వానం) ఇచ్చాక కాదంటే, ఆ క్యాంపస్‌లో మళ్లీ వచ్చే ఏడాది రష్ దాకా ఆ గొడుగు కింది మరో సంఘంలో చేరే వీలుండదు. ఒకసారి దీక్ష తీసుకుని పూర్తి సభ్యురాలైతే, తర్వాత అందులోంచి తప్పుకున్నా సరే, ఆ గొడుగు కింద ఉన్న ఇంకో సోరోరిటీలో ఇక ఎప్పటికీ చేరలేదు. ఇంటికి దూరంగా వచ్చి వారం గడవని పిల్ల, నిద్ర చాలక, వందలమంది మధ్య తనను ఎవరైనా ఎంచుకుంటారో లేదోనన్న దిగులుతో పెట్టే సంతకం అది.

డబ్బు సంగతి కూడా ముడిలో భాగమే. సెమిస్టర్ డ్యూస్ (సభ్యత్వ రుసుములు) వందల డాలర్ల నుంచి, సోరోరిటీ ఇంట్లో గది, భోజనం కలిపితే వేలల్లోకి పోతాయి. కొత్త సభ్యురాలి రుసుము, దీక్ష రుసుము, జాతీయ సంస్థకు కట్టేది, బట్టలు, కానుకలు, తప్పనిసరి కార్యక్రమానికి రాకపోతే జరిమానా... ఇవన్నీ ఒక్కసారి కనిపించవు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చాలా చాప్టర్లలో ఒక ఏడాదైనా సోరోరిటీ ఇంట్లో ఉండి తీరాలన్న నిబంధన ఉంటుంది. ఆ ఇంటి యజమాని తరచూ కాలేజీ కాదు, పూర్వ సభ్యులు నడిపే ప్రత్యేక సంస్థ. సభ్యత్వం వదులుకున్నా అద్దె ఒప్పందం వదలకపోవచ్చు. కాలేజీ డార్మిటరీలో రూమ్మేటుతో పడకపోతే చెప్పుకోవడానికి కాలేజీ ఆఫీసు ఉంటుంది. సోరోరిటీ ఇంట్లో ఆమె ఫిర్యాదు చేయాల్సినవాళ్లూ, ఆమెతో కలిసి అన్నం తినేవాళ్లూ ఒకరే. అందుకని ఆర్థిక ఒప్పందం, ఇంటి ఒప్పందం రెండూ సంతకానికి ముందే చేతికి తీసుకుని, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో రాసి ఉన్న చోటు వెతికి చదవాలి.

ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో మంచి జవాబు ఇద్దరు సమాజ శాస్త్రవేత్తలు ఇచ్చారు. ఎలిజబెత్ ఆర్మ్‌స్ట్రాంగ్, లారా హామిల్టన్ మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోని ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఒకే డార్మిటరీ అంతస్తులో చేరిన అమ్మాయిలను కాలేజీ రోజులు దాటేదాకా గమనించి, 2013లో ‘పేయింగ్ ఫర్ ది పార్టీ’ అనే పుస్తకం రాశారు. సోరోరిటీలు, పార్టీలు, తేలికైన కోర్సులు కలిసిన దారి ఒకటి అక్కడ సిద్ధంగా ఉంది. తండ్రి పరిచయాలతో ఉద్యోగం వచ్చే సంపన్న కుటుంబాల పిల్లలకు ఆ దారి ఏ నష్టమూ చేయలేదు. వాళ్లను చూసి అదే దారి పట్టిన మధ్యతరగతి, శ్రామిక కుటుంబాల పిల్లలు మార్కులూ పోగొట్టుకున్నారు, అప్పులూ మిగుల్చుకున్నారు. ఆ వర్గం అమ్మాయిల్లో ఆ క్యాంపస్ వదిలి చిన్న ప్రాంతీయ కాలేజీలకు మారినవాళ్లు, ఉండిపోయినవాళ్లకన్నా మెరుగ్గా బయటపడ్డారు. తెలుగు కుటుంబాలు ఇక్కడ ఆలోచించాలి. మన ఇళ్లలో జీతాలు బాగుండవచ్చు. కానీ పీఆర్ సంస్థలోనో, టీవీ చానల్‌లోనో ఒక్క ఫోనుతో కూతురికి చోటిప్పించే పలుకుబడి మనలో ఎంతమందికి ఉంది? మన పిల్లల్లో చాలామంది మెడిసిన్‌కో, ఇంజినీరింగ్‌కో సిద్ధమయ్యే కోర్సుల్లో ఉంటారు. మొదటి ఏడాది కెమిస్ట్రీలో పడిపోయిన గ్రేడును ఏ పరిచయమూ పైకి లేపదు.

ఇక హేజింగ్, అంటే కొత్తగా చేరేవాళ్లను పరీక్ష పేరుతో వేధించడం. మనవాళ్లు దీన్ని వెంటనే ర్యాగింగ్‌తో పోల్చుకుంటారు. ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది, కాబట్టి ఆ భయం మనకు కొత్తది కాదు. కానీ రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ర్యాగింగ్‌కు గురయ్యే విద్యార్థి దాన్ని కోరుకోలేదు, తప్పించుకోవాలనే చూస్తాడు. హేజింగ్‌కు గురయ్యే అమ్మాయి ఆ సంఘంలోకి వెళ్లాలని కోరుకుంటోంది, కనుక భరిస్తుంది, దాస్తుంది, చివరికి సమర్థిస్తుంది కూడా. మెయిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ అలన్, మేరీ మాడెన్ 2008లో వెలువరించిన సర్వేలో 53 కాలేజీల నుంచి 11 వేలమందికి పైగా విద్యార్థులు పాల్గొన్నారు. క్లబ్బుల్లో, జట్లలో, సంఘాల్లో ఉన్నవాళ్లలో 55 శాతం మంది హేజింగ్ అనదగ్గ అనుభవాన్ని ఎదుర్కొన్నారు. అలా ఎదుర్కొన్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది తమకు జరిగింది హేజింగ్ అనుకోలేదు. అది హేజింగేనని గుర్తించినవాళ్లలో కూడా 95 శాతం మంది కాలేజీకి చెప్పలేదు. ‘అక్కడ నిన్ను హేజ్ చేస్తున్నారా?’ అని అడిగితే కూతురు లేదనే చెబుతుంది, నిజాయితీగానే చెబుతుంది. అడగాల్సినవి వేరే. రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావు? ఈ వారం ఎన్ని క్లాసులు పోయాయి? మాకు చెప్పొద్దన్న విషయం ఏదైనా ఉందా? అమ్మాయిల సంఘాల్లో హేజింగ్ ఎక్కువగా ఒంటిపై దెబ్బగా కనిపించదు. నిద్ర లేకుండా చేయడం, శరీరం గురించి మాటలు, సీనియర్ల పనులు చేయించడం, పాత స్నేహితులకు దూరం చేయడం... ఇలా ఉంటుంది.

‘మన అమ్మాయిల సంఘమైతే భయం లేదు కదా’ అన్నది తరచూ వచ్చే మాట. దానికి బలమైన కారణమే ఉంది. దక్షిణాసియా సోరోరిటీలు చిన్నవి, ఖర్చు తక్కువ, చాలా వాటికి సొంత ఇళ్లుండవు, తిండి విషయంలోనో, పండగ విషయంలోనో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. డబ్బు వైపు నుంచి చూస్తే వీటి ముడి వదులుగానే ఉంటుంది. మనసు వైపు నుంచి మాత్రం బిగువెక్కువ. పదిహేనుమంది ఉన్న చాప్టర్‌లోంచి ఒకరు వెళ్లిపోతే ఆ దెబ్బ అందరికీ తగులుతుంది, వెళ్లిన పిల్లకు క్యాంపస్‌లోని భారతీయ స్నేహబృందమంతా ఒకేసారి దూరం కావచ్చు. మనవాళ్లన్న ఒక్క కారణంతో రక్షణ దొరకదనడానికి మగపిల్లల వైపు నుంచి ఒక విషాదం సాక్ష్యంగా ఉంది. 2013 డిసెంబరులో న్యూయార్క్ బరూక్ కాలేజీకి చెందిన ఆసియా అమెరికన్ ఫ్రెటర్నిటీ పై డెల్టా సై, పెన్సిల్వేనియా కొండల్లో ఒక అద్దె ఇంటి పెరట్లో, చలిలో, కళ్లకు గంతలు కట్టి, బరువున్న సంచీ వీపున మోయించి, పడదోసిన ‘ఆచారం’లో తొలి ఏడాది విద్యార్థి ఒకడు చనిపోయాడు. వలస పిల్లల వేదనకు గుర్తుగా ఆ ఆచారాన్ని జరిపామని చెప్పుకున్నారు. కోర్టు ఆ సంస్థను పదేళ్లపాటు పెన్సిల్వేనియాలో అడుగుపెట్టకుండా నిషేధించింది.

లాభాల మాటేమిటి? ఉన్నాయి. గ్యాలప్, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి 2014లో 30 వేలమంది పట్టభద్రులను అడిగితే, గ్రీకు సంఘాల్లో ఉన్నవాళ్లు ఉద్యోగంలోనూ జీవితంలోనూ కొంత ఎక్కువ తృప్తిగా కనిపించారు. యూనియన్ కాలేజీ ఆర్థికవేత్తల అధ్యయనంలో ఫ్రెటర్నిటీ సభ్యులకు గ్రేడ్ సగటు 0.25 పాయింట్లు తగ్గి, ఆ తర్వాతి ఆదాయం సుమారు 36 శాతం పెరిగినట్టు తేలింది. అయితే మొదటిది ముందే కలిగిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ల తృప్తిని సంఘం తెచ్చిన తృప్తి నుంచి పూర్తిగా వేరుచేయలేదు. రెండోది ఒక్క కాలేజీలోని మగపిల్లలది. స్నేహం, సేవా కార్యక్రమాలు, వందమంది ముందు నిలబడి సభ నడిపే అలవాటు, వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్తే పలకరించే సీనియర్లు... వీటి విలువను నేను తగ్గించను. ఇవన్నీ నాలుగో ఏడాది దాకా ఇష్టంగా ఉన్నవాళ్లకు దక్కే ఫలాలు. ఇష్టం లేకుండా ఉండిపోయిన పిల్లకు దక్కేవి కావు.

ఇన్ని చెప్పాక ‘వద్దంటే పోలేదా’ అని అనిపించవచ్చు. పోదు. పద్దెనిమిదేళ్లు నిండినా, కాలేజీలో చేరినా 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థికి మారిపోతుంది. మీరు పన్ను పత్రాల్లో ఆమెను ఆధారపడిన వ్యక్తిగా చూపిస్తే కాలేజీ మీకు చెప్పవచ్చు, చెప్పి తీరాలని మాత్రం లేదు. అంటే ఆమె చెప్పకుండా చేరితే మీకు తెలియకపోవచ్చు. అలా దాచి చేరిన పిల్లకు, లోపల ఇబ్బంది వచ్చిన రోజున, బయటికి రావడానికి ఇంటి వైపు తలుపు కూడా మూసుకుపోతుంది. నిషేధం సోరోరిటీని ఆపదు, తిరిగొచ్చే దారిని మూస్తుంది. తాగుడు గురించిన భయానికీ ఇదే వర్తిస్తుంది. పాన్‌హెలెనిక్ సోరోరిటీల ఇళ్లలో మద్యం నిషిద్ధం. అందువల్ల పార్టీలు ఫ్రెటర్నిటీల ఇళ్లలో జరుగుతాయి, అక్కడ సీసా, గది, తలుపు అన్నీ మగపిల్లల అధీనంలో ఉంటాయి. మద్యానికి చట్టబద్ధమైన వయసు 21. అర్ధరాత్రి అలాంటి ఇంటి నుంచి భయపడి ఫోన్ చేయాల్సి వస్తే, ‘ఎందుకు వెళ్లావ్’ అన్న ప్రశ్న ముందు రాదన్న నమ్మకం ఆమెకు కావాలి. అది ఫోన్ మోగినప్పుడు ఇచ్చేది కాదు, కాలేజీ మొదలయ్యే ఆగస్టుకు ముందే ఇవ్వాల్సింది.

‘పెద్దపిల్ల, తన నిర్ణయం తనది, మనకెందుకు’ అనే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. నిర్ణయం ఆమెదే, కాదనను. కానీ అద్దె ఒప్పందానికి హామీదారుగా సంతకం పెట్టమని అడిగేది చాలాసార్లు మిమ్మల్నే, డ్యూస్ పోయేది మీ కార్డు నుంచే. ఆ సంతకానికి ముందు చూడాల్సినది ఇప్పుడు చూడగలరు కూడా. 2024 డిసెంబరులో సంతకమైన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం ప్రకారం, ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే కాలేజీలు హేజింగ్‌కు పాల్పడినట్టు తేలిన సంఘాల పేర్లు, ఏం జరిగిందో, ఏ చర్య తీసుకున్నారో వెబ్‌సైట్‌లో బహిరంగంగా పెట్టాలి. కాలేజీ పేరుతో ‘హేజింగ్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్’ అని వెతికి, కూతురి పక్కన కూర్చుని చదవండి. చాప్టర్ సభ్యులను కలిసినప్పుడు గత ఏడాది ఎంతమంది మధ్యలో మానేశారో, వాళ్లతో ఇప్పటికీ మాట్లాడుతున్నారో లేదో అడగమని ఆమెకు చెప్పండి. సూటిగా జవాబు చెప్పలేని సంఘాన్ని జాబితాలోంచి తీసేయడం మంచిది. ఏదైనా జరిగాక, పేరు బయటపెట్టకుండా చెప్పుకోవడానికి అమెరికా అంతటికీ ఒక హేజింగ్ వ్యతిరేక ఫోన్ నంబరుంది: 1-888-668-4293. ఆమె ఫోన్‌లోనూ, మీ ఫోన్‌లోనూ దాన్ని ఈ రోజే ఎక్కించుకోండి.