భరిణెలూ బుడగలూ

బి.యస్సీ. చదువుతున్న మా అమ్మాయి మొన్న సెలవులకు వచ్చి, "నాన్నగారూ, వెసికిల్ అనే మాటకు తెలుగేమిటి?" అని అడిగింది. ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి గదా, నిఘంటువు తీశాను. "పొక్కు, బొబ్బ" అని ఉన్నది. బాక్టీరియాకు బొబ్బలేమిటని ఇద్దరం నవ్వుకున్నాం. ప్రస్తుతానికి బుడగ అందాం.

బాక్టీరియా అంటే ఒంటిగది గుడిసె, లోపల అరలూ అల్మైరాలూ ఉండవని మా చిన్నప్పుడు చదువుకున్నాం. అది పూర్తిగా నిజం కాదట. నీటిగుంటల్లో పెరిగే నీలాకుపచ్చ నాచు ఉన్నదే, అది నిజానికి బాక్టీరియాయే. దాని లోపల కార్బాక్సిసోములనే బుల్లి భరిణెలున్నవి. పదివేలు వరసగా పేర్చితే ఒక మిల్లీమీటరు! గోడలు అచ్చంగా ప్రోటీనువే. బొగ్గుపులుసు వాయువును పట్టే రుబిస్కో అనే ఎంజైము మహా మందకొడిది. పైగా పొరబాటున ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుంది. అందుకని దాన్ని భరిణెలో పెట్టి, దాని చుట్టూ బొగ్గుపులుసు వాయువు కిక్కిరిసేటట్లు చేస్తుంది బాక్టీరియా. 2018లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇటువంటి భరిణెలను పొగాకు మొక్కలో కట్టించగలిగారు. మన వరిచేలదాకా రావడానికి ఇంకా చాలా దూరమున్నది.

బుడగల కథ వేరు. కొన్ని బాక్టీరియాలు తమ పైపొరనే బుడగలుగా తెంపి, విషాలూ ఎంజైములూ మూటగట్టి బయటికి పంపుతాయి. బుడగకు ప్రాణం లేదు, పెరగలేదు. కాని దాని ఒంటిమీద తల్లి గుర్తులన్నీ ఉంటాయి.

ఆ గుర్తులే పసిపిల్లలకు అక్కరకు వచ్చాయి. మెదడుపొరలకు వాపు తెచ్చే మెనింగోకాకస్‌లో "బి" రకం మహా మాయావి. పొద్దున జ్వరంగా మొదలై, మరునాటికి ప్రాణం తీయగలదు. దాని పైతొడుగు మన నాడీకణాల మీది పదార్థాన్ని పోలి ఉంటుంది. సన్యాసి వేషంలో వచ్చిన రావణుణ్ణి సీత పోల్చుకోలేనట్లే, శరీరం దాన్ని పోల్చుకోలేదు. తొడుగుతో టీకా కుదరలేదు. న్యూజిలాండులో 1991 నుంచి ఈ జబ్బు ఏళ్ళ తరబడి పిల్లలను పీడించింది. చివరకు అక్కడ తిరుగుతున్న రకం బుడగలతోనే టీకా తయారుచేసి, 2004 నుంచి ఇరవై ఏళ్ళ లోపువారికి పదిలక్షలమందికి పైగా వేశారు. (క్యూబా, నార్వే దేశాలవారు ముందే ఈ దారి తొక్కారు.) జబ్బు తగ్గింది. ఇంకో వింత: ఆ టీకా వేయించుకున్నవారిలో గనేరియా అనే సెగరోగం కూడా తక్కువగా కనబడిందని 2017లో తేలింది. ఆ రెండు సూక్ష్మజీవులూ దాయాదులు మరి!

మాట సంగతి మాత్రం ఇంకా తేలలేదు. బుడగలో ఉండేది గాలే కదా, ఇందులో సరుకుంటుందని అమ్మాయి అభ్యంతరం. "పొట్లం" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "అయితే వస్తూ వస్తూ ఆవాల పొట్లం ఒకటి తెండి" అన్నది.