తోబుట్టువులు, వారి కుక్క

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్ పట్టణం పొణికి కొయ్యబొమ్మలకు, వర్ణచిత్రాలకు పేరెన్నికగన్నది. అక్కడి నకాషీ కళాకారుల కుంచె రామాయణ భారత ఘట్టాలను, పూలతీగలను, పశుపక్ష్యాదులను మనోహరంగా చిత్రించింది. నాటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠం తమ పల్లె స్త్రీపురుషులకు చిత్రాలలో పెద్దపీట వేశారు. నుదుట పెద్ద బొట్టు, ముదురు రంగు చీర కనిపించగానే అది వైకుంఠం చిత్రమని పోల్చుకోవచ్చు. కాని ఆ స్త్రీ పేరేమిటని మనం అడగము. ఆమెలో తెలంగాణ పల్లె అంతా కనిపిస్తుంది.

రూపచిత్రం ఇందుకు భిన్నమైనది. ఫలానా వ్యక్తి ఫలానా వయస్సులో ఎలా ఉండేవాడో పటంపై నిలపడం దాని లక్ష్యం. పిల్లల విషయంలో ఇది మరీ కష్టం. పెద్దలు గంటల తరబడి కదలక కూర్చోగలరు, పసివారు కూర్చోరు. పక్కన పెంపుడు కుక్క కూడా ఉంటే చిత్రకారుని అవస్థ చెప్పనక్కరలేదు! ఈ కష్టాన్ని గెలిచిన చిత్రాలలో ప్రసిద్ధమైనది ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ సంతానాన్ని ఆంటనీ వాన్ డైక్ 1637లో చిత్రించిన పటం.

తైలవర్ణాలతో వేసిన ఈ పటం వెడల్పు దాదాపు రెండు మీటర్లు. అందులో ఐదుగురు పిల్లలున్నారు. ఎడమవైపు మేరీ, జేమ్స్. జేమ్స్‌ను చూసి ఆడపిల్ల అనుకోవడం సహజం. ఆ కాలంలో ఐరోపాలో చిన్న మగపిల్లలకు కూడా గౌన్లే తొడిగేవారు. కుడివైపు రెండేండ్లయినా నిండని ఎలిజబెత్ అదే ఏడు పుట్టిన చెల్లెలు ఆన్‌ను పట్టుకొని ఉంది. వారి చెంత ఒక చిన్న కుక్క. నడుమ ఏడేండ్ల చార్లెస్, అతని పక్కన మాస్టిఫ్ జాతికి చెందిన భారీ కుక్క. బాలుడు దాని తలపై చేయి వేసి నిలుచున్నాడు. ఆ చేతిలో బెదురు లేదు, కుక్క కన్నులలో కోపం లేదు.

బలమైన మృగం ఈ బాలుని చేతికింద అణగి ఉన్నది, రేపు రాజ్యం కూడా అట్లే ఉంటుందని చిత్రకారుడు సూచించాడని విమర్శకులు చెబుతారు. రాజు వేయించుకొన్న పటం కనుక ఆ భావం ఉండవచ్చు. అయితే కుక్కకు యువరాజు ఎవరో తెలియదు. దానికి తెలిసినది తన తల నిమిరే పిల్లవాడు మాత్రమే. పట్టువస్త్రాలలో బిగుసుకొని నిలిచిన ఆ పిల్లలు మనకు పిల్లలుగా కనిపించడానికి కారణం ఆ రెండు కుక్కలే.

ఆ పిల్లలు కలిసి ఉన్న కాలం స్వల్పం. ఆన్ మూడేండ్లకే, 1640లో మరణించింది. మేరీకి 1641లో, తొమ్మిదేండ్ల వయస్సులోనే వివాహమైంది. అంతర్యుద్ధంలో ఓడిన తండ్రికి 1649లో శిరచ్ఛేదం జరిగింది. మరుసటి ఏడు ఎలిజబెత్ పధ్నాలుగేండ్ల ప్రాయంలో నిర్బంధంలోనే కన్నుమూసింది. ప్రవాసంలో గడిపిన చార్లెస్ 1660లో తిరిగి వచ్చి సింహాసనమెక్కాడు. ఆ ఏడాది చివరనే మేరీ మశూచికి బలి అయింది. జేమ్స్ 1685లో రాజైనా మూడేండ్లకే పదవీచ్యుతుడై ఫ్రాన్సులో తలదాచుకొన్నాడు.

ఇది చదివినప్పుడు మన మహాభారతంలోని మహాప్రస్థానం గుర్తుకు రాక మానదు. ద్రౌపది, తమ్ములు ఒక్కొక్కరే నేలకొరగగా ధర్మరాజు వెంట చివరిదాకా నడిచినది ఒక కుక్క. చార్లెస్ కూడా రాజైన తరువాత కుక్కలను విడిచి ఉండలేదు. స్పానియల్ జాతి చిన్న కుక్కలు రాజమందిరంలో ఆయన వెంటే తిరిగేవి. వాటిలో ఒక రకాన్ని నేటికీ కింగ్ చార్లెస్ స్పానియల్ అనే పిలుస్తారు.