వానడవిలో విడిది

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఈశాన్య తీరం వెంబడి పరుచుకున్న వర్షారణ్యానికి 1988లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్ల ఈ అడవి డెయిన్‌ట్రీ, కేప్ ట్రిబ్యులేషన్ ప్రాంతాల్లో ఏకంగా సముద్రపు ఇసుక దాకా దిగివస్తుంది. పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలిని తీరాన్ని ఆనుకున్న కొండలు అడ్డగిస్తాయి. అందుకే ఇక్కడ అంత వాన. టల్లీ పట్టణంలో ఏడాదికి సగటున 4 వేల మిల్లీమీటర్లు కురుస్తుంది. హైదరాబాద్ వానకు అయిదింతలు! 1950లో అక్కడ 7,900 మి.మీ. పడింది. దానికి గుర్తుగా సరిగ్గా 7.9 మీటర్ల ఎత్తున బంగారు రంగు రబ్బరు బూటు నిలబెట్టారు. పిల్లలు లోపలి మెట్లెక్కి పైనుంచి ఊరంతా చూడొచ్చు.

ఇలాంటి చోట పిల్లాపాపలతో టెంటు వేసుకోవడానికి మే నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. అప్పుడూ జల్లులు తప్పవు కానీ తుపాన్ల భయం ఉండదు. నవంబరు నుంచి మే వరకు తీరపు నీళ్లలో ప్రాణాంతకమైన జెల్లీ చేపలు తిరుగుతాయి. కాబట్టి జూన్ చివర్లో వచ్చే బడి సెలవులు అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కలిసొస్తాయి. జాతీయ పార్కుల్లో చోటు మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. డెయిన్‌ట్రీ నదిని ఇనుప తాళ్ల మీద నడిచే పంటుపై దాటాలి. అవతలి ఒడ్డుకు కరెంటు లైన్లు వెళ్లవు. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం.

సెలవు సుఖమంతా టెంటు వేయడంలో ఉంది. మెరక చూసుకోవాలి, ఎండుకొమ్మలున్న చెట్టు కిందికి పోకూడదు. అడుగున పరిచే టార్పాలిన్ అంచు టెంటు దాటి బయటికి రాకూడదు. అంగుళం పొడుచుకొచ్చినా గోడల మీంచి జారిన నీరంతా దానిపై పడి నేరుగా పక్కల కిందికి చేరుతుంది. తలకు తగలనంత ఎత్తున ఇంకో పెద్ద టార్పాలిన్ కడితే వంటకూ, పిల్లల ఆటలకూ చోటు దొరుకుతుంది. పార్కులో కట్టెలు ఏరడం నిషిద్ధం కాబట్టి గ్యాస్ స్టవ్ తప్పనిసరి. జీన్స్ ఒకసారి తడిస్తే ఆరవు, ఇంట్లోనే వదిలేయడం మంచిది. తిండి సామాను కారులో పెట్టి తలుపులేయాలి. ఇక్కడి తెల్లతోక ఎలుకలు కొబ్బరికాయనే కొరికి తెరుస్తాయి, ప్లాస్టిక్ డబ్బా వాటికో లెక్కా!

జలగలు చిరాకు పెడతాయే తప్ప ప్రమాదం లేదు. అసలు భయం మొసళ్లతో. నీటి అంచుకు కనీసం 50 మీటర్ల దూరంలోనే విడిది చేయాలి, ఆ ఒడ్డున గిన్నెలు కడగకూడదు, చేపలు శుభ్రం చేయకూడదు. కాలిబాట పక్కన హృదయాకారపు ఆకులతో ఎదిగే జింపీ-జింపీ మొక్కను పిల్లలకు ముందే చూపించాలి. దాని ముందు మన దురదగొండి దిగదుడుపే. నూగు గుచ్చుకుంటే నొప్పి నెలల తరబడి వెంటాడుతుంది. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. వెంట్రుకలు తీసే వ్యాక్స్ పట్టీతో లాగేయాలి.

ఇన్ని జాగ్రత్తలకూ తగ్గ ఫలం కాసోవరీ. మనిషెత్తు ఉండే ఈ నల్లటి పక్షికి మెడ నీలం, నెత్తిన కిరీటంలాంటి బొడిపె. ఆడది ఆకుపచ్చటి గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. పొదిగేదీ, పిల్లల్ని నెలల తరబడి వెంట తిప్పుకునేదీ తండ్రే. పళ్లను ఈ పక్షి గుటుక్కున మింగేస్తుంది, రెట్టలో పడిన గింజలు మొలకెత్తుతాయి. దానికి తిండి పెట్టడం నేరం. ఎదురైతే వీపు చూపకుండా మెల్లగా వెనక్కి నడవాలి.

డెయిన్‌ట్రీ అడవికి తొలి హక్కుదారులు తూర్పు కుకు యలాంజి ప్రజలు. డెయిన్‌ట్రీ పార్కు యాజమాన్యం 2021లో తిరిగి వారి చేతికొచ్చింది. మోస్‌మన్ లోయలో వారే దగ్గరుండి అడవి చూపిస్తారు. టెంటులో కూర్చుని చదివే ఏ పుస్తకం కన్నా ఆ నడకే పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వరదలకు కొండచరియలు విరిగిపడి కేప్ ట్రిబ్యులేషన్ దారి తెగిపోయింది. అందుకే బయల్దేరే రోజు పొద్దున్నే పార్కు హెచ్చరికలు, రోడ్ల పరిస్థితి చూసుకోండి. రెండు రోజుల తిండి అదనంగా పెట్టుకోండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే మాత్రం కారు దించకండి.