ఆవునకు శస్త్రచికిత్స – మత్తు విషయమున జాగ్రత్తలు

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో ప్లాస్టిక్ సంచులు మ్రింగిన ఆవులకు పొట్ట కోసి వాటిని తీయవలసి వచ్చుచున్నది. మనుష్యునివలె పూర్తిగా నిద్రపుచ్చరాదా యని కొందరు భక్తులు నన్నడిగిరి.

త్రాగు అలవాటున్న రోగికి శస్త్రకర్మకు ముందు మద్యమీయవచ్చునని సుశ్రుతుడు చెప్పెను. నొప్పి తగ్గించుట మనకు క్రొత్త ధర్మము కాదు. అయితే నెమరువేయు జంతువు తీరు వేరు. పడుకోబెట్టి గాఢనిద్ర పుచ్చినచో పెద్దపొట్టలో వాయువు చేరి ఊపిరితిత్తులను నొక్కును. లోని మేత గొంతులోకి ఎగదన్ని శ్వాసనాళమున పడవచ్చును. అందుచేత వైద్యులు సాధారణముగా ఆవును నిలబెట్టియే, ఎడమ డొక్కను లిగ్నోకైన్ సూదిమందుతో మొద్దుబార్చి కోయుదురు. ఆవు మెలకువగా నున్నను అచ్చట కత్తి నొప్పి తెలియదు.

శాంతపరచు జైలజీన్ మందు గుర్రమునకిచ్చు మోతాదులో సుమారు 10వ వంతే ఆవునకు చాలును. నెలలు నిండిన చూలుకు అది హాని చేయవచ్చును గనుక చూలు సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. ఆయన మేత మానిపించుమన్నచో జాలిపడి పిడికెడు గడ్డియైనను పెట్టరాదు. సొంతముగా సూది వేయింపక 1962 కు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల వచ్చును.

క్షేత్రమునకు వచ్చువారు అరటిపండ్లను సంచితో సహా గోవుల ముందు పడవేయకుందురుగాక.