పాకం పట్టని ఉండలు – పిల్లలకు పుష్టి

మన కృష్ణా డెల్టాలో మినుము ఎరుగని ఊరు లేదు. వరి కోతకు రెండు మూడు దినాల ముందు, చేలో పదును ఆరకముందే, నిలబడియున్న పైరులోనే మినుములు చల్లుతారు. కోత అయిన తరువాత ఆ గింజ, నేలలో మిగిలిన తేమతోను రాత్రి కురిసే మంచుతోను పెరిగి, ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇంటికి వస్తుంది. మొవ్వ, ఘంటసాల, చల్లపల్లి, అవనిగడ్డ ప్రాంతాల కుటుంబాలకు ఇది మేము చెప్పవలసిన సంగతి కాదు. అయితే తల్లులను ఒక్క మాట అడుగుతున్నాము. పోయిన ఏడాది మీ కళ్ళంలో నూర్చిన మినుములలో మీ పిల్లల నోటికి చేరినవెన్ని?

పల్లెలలో మేము అడిగినచోటనెల్లా దాదాపు ఒకే జవాబు వచ్చింది. "ఇడ్లీకీ గారెలకీ కాసిని ఉంచి, మిగతాదంతా కాటా వేయించేశామండి." అమ్ముకొనుట తప్పు కాదు. అప్పు తీరాలి, ఫీజులు కట్టాలి. కాని మినుములు అమ్మిన డబ్బుతోనే అదే ఇంటివారు బజారుకు వెళ్ళి, పిల్లలు బలంగా పెరుగుతారని బొమ్మలు వేసిన డబ్బా పొడి కొని తెస్తున్నారు. ఆ డబ్బా వెనుక చిన్న అక్షరాలలో ఉన్న పట్టిక ఒకసారి చదవండి. పాలలో కలిపి త్రాగించే పొడులలో చాలా వాటిలో, 100 గ్రాములకు లెక్క కట్టితే, మినుములలో ఉన్నన్ని మాంసకృత్తులు ఉండవు. చక్కెర మాత్రం ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇటువంటి పానీయాలను 'ఆరోగ్య పానీయాలు' అనే వర్గంలో చూపరాదని ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు తెలియజేసినది.

ఇప్పుడు మరొక ముచ్చట వచ్చినది. విజయవాడ హాస్టళ్ళలో చదువుకొనే పిల్లలు సెలవులకు వచ్చి, "బిస్కెట్టు పిండిని కాల్చకుండానే ముద్దలు చేసి, ప్రొటీన్ పొడి కలిపి తింటారు, చాలా బలమంట" అని తల్లులతో చెబుతున్నారు. పాశ్చాత్య దేశాలలో ఈ ముద్దలకు మంచి గిరాకీ ఉన్న మాట నిజమే. పొయ్యి అక్కర లేదు, పాకం అక్కర లేదు, పది నిమిషాలలో అయిపోతుంది. అయితే అందులో ఒక ప్రమాదమున్నది. గోధుమపిండి చూపునకు శుభ్రంగా కనబడినా అది పచ్చి వస్తువే. పొలంలో పశువుల పేడ నుండి గింజకు అంటిన క్రిములు మరలో ఆడించినంత మాత్రాన చావవు. 2016లో అమెరికాలో పచ్చి గోధుమపిండి మూలంగా ఈ. కోలి అనే క్రిమి వ్యాపించి అనేక రాష్ట్రాలలో జనం జబ్బుపడ్డారు. టన్నులకొద్దీ పిండిని దుకాణాల నుండి వెనుకకు తీసుకొన్నారు. గనుక పచ్చిపిండి ముద్దలు మన ఇంట వద్దు.

మన అవ్వలు ఈ చిక్కును ఎప్పుడో విడదీశారు. గింజను ముందు వేపి, తరువాత పిండి చేశారు. ఆ తరువాత పొయ్యితో పని లేదు. అదే సున్నుండ. వేపుట వలన క్రిములు చచ్చుటే గాక, పచ్చి పప్పుధాన్యాలలో జీర్ణానికి అడ్డుపడే కొన్ని పదార్థాలు కూడా చాలావరకు విరిగిపోతాయి. కమ్మని వాసన సరేసరి.

చేసే విధానం చెబుతాము. అర కిలో మినుములు తీసుకోండి. పొట్టు తీసిన గుళ్ళయినా సరే, నల్లవయినా సరే. మేము నల్లవాటికే ఓటు వేస్తాము, పొట్టులో పీచు ఉన్నది, రుచి కూడా ఎక్కువ. రాళ్ళు ఏరి, తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టండి. మందపాటి మూకుడులో సన్నని సెగ మీద, ఒక్కసారే అన్నీ పోయకుండా రెండు వాయిలుగా వేపండి. ఒక్కొక్క వాయికి పావుగంట పైనే పడుతుంది. ఇక్కడే తొందర పనికిరాదు. సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ ఉండ తిన్న పిల్లలకు కడుపు ఉబ్బుతుంది. ఒక గింజ తీసి కొరికి చూస్తే లోపల ఎర్రగా, కరకరలాడుతూ ఉండాలి. ఘంటసాల దగ్గర ఒక పెద్దమ్మగారు కొత్త కోడలికి చెప్పగా మేము విన్న గుర్తు ఇంతకంటే బాగున్నది. "చూడమ్మాయ్, ఇంట్లోవాళ్ళు కాదు, వీధిలో పోయేవాళ్ళు ఆగి 'ఎవరింట్లోనే సున్నుండలూ?' అని అడగాలి. అప్పుడు దింపు."

చివరలో రెండు చెంచాల బియ్యం కూడా వేపి కలిపితే, తినేటప్పుడు పిండి అంగిటికి అంటుకొనదు. పూర్తిగా చల్లారిన తరువాతే విసరాలి. తిరగలి ఉన్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లు, పిండి కాస్త బరకగా వస్తుంది. మిక్సీలోనైతే ఆపి ఆపి తిప్పండి. మరకు పంపేవారు మాత్రం ముందు ఎవరి పిండి ఆడించారో కనుక్కోండి. ఎండు మిరపకాయల తరువాత ఆడించిన సున్నిపిండిని ఏ పిల్లవాడూ మరచిపోడు!

ఈ పిండిలో 350 గ్రాముల తురిమిన బెల్లం కలిపి, మరొక్కసారి తిప్పితే రెండూ కలసిపోతాయి. తెల్లగా మెరిసే బెల్లం చూచి మోసపోవద్దు, ఆ రంగు కోసం రసాయనం కలిపే అలవాటున్నది. ముదురు రంగు బెల్లమే మంచిది. అందులోని ఇసుక, నలుసులు తురిమేటప్పుడే చూచుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పాకం కాచి వడకట్టే పని లేదు. 200 గ్రాముల నెయ్యి గోరువెచ్చగా చేసి, కొద్దికొద్దిగా పోస్తూ, పిడికిలితో బిగించి ఉండలు కట్టండి. పిండి పొడిగా ఉన్నదని నీళ్ళుగాని పాలుగాని చల్లవద్దు. తడి తగిలితే నాలుగో రోజుకే బూజు పడుతుంది. తడి లేనంత కాలం బెల్లము, నెయ్యి వాటిని కాపాడతాయి. మూత బిగువైన డబ్బాలో, పొడి చేతితో తీసుకొంటూ ఉంటే మూడు వారాలు నిలువ ఉంటాయి.

ఇక లెక్కలు. ఈ కొలతలకు 30 గ్రాముల ఉండలు సుమారు 35 వస్తాయి. మినుములలో 100 గ్రాములకు ఇంచుమించు 24 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి గనుక ఒక్కొక్క ఉండలో మూడు గ్రాములు పైచిలుకు పడతాయి. అనగా రెండు సున్నుండలు ఒక కోడిగ్రుడ్డుతో సమానం. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం నాలుగు నుండి ఆరేండ్ల బిడ్డకు రోజుకు సుమారు 16 గ్రాములు, ఏడు నుండి తొమ్మిదేండ్ల వారికి సుమారు 23 గ్రాములు కావాలి. ఒక ఉండతో బిడ్డ పహిల్వాను అయిపోతాడని మేము చెప్పము. అన్నం, పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు వాటి చోట వాటికుండాలి. పైగా ఒక్కో ఉండలో 140 కేలరీల వరకు శక్తి ఉన్నది. చిక్కిపోయిన పిల్లలకు అది వరమే గాని, కూర్చొని టీవీ చూచే పెద్దవారు నాలుగేసి తింటే నడుము చుట్టూ చేరుతుంది.

ఖర్చు తక్కువలో కావాలంటే పుట్నాలు, వేరుసెనగ గింజలు చూడండి. పుట్నాలపప్పు వేపినదే వస్తుంది. వేరుసెనగ గింజలను ఇంట్లో దోరగా వేపి పొట్టు ఊదండి. చెరి పావు కిలో, బెల్లం పావు కిలో. ముందు పుట్నాలు పొడి చేసి, తరువాత గింజలు, బెల్లం వేసి దంచితే గింజలలోని నూనె ఊరి ముద్ద దానంతటదే దగ్గరపడుతుంది. నెయ్యి అక్కరలేదు, మరీ విడిపోతుంటే ఒక చెంచా చాలు. 25 ఉండలు వస్తాయి, ఒక్కొక్క దానిలో దాదాపు ఐదు గ్రాముల మాంసకృత్తులు. సున్నుండను మించినది! కాని ఇవి వారం పది రోజులలో తినేయాలి, నూనె కంపు కొడుతుంది. ముడుచుకుపోయిన, నల్లబడిన, బూజు వాసన వేసే గింజలను నిర్దయగా ఏరి పారవేయండి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని పాడుచేస్తుంది, వేపినంత మాత్రాన పోదు.

మూడవది చిమ్మిలి. నువ్వులు చిటపటలాడే వరకు వేపి, బెల్లంతో రోట్లో దంచటమే. మన వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి, సున్నుండలు పెట్టటం అన్ని ఇండ్లలోను ఉన్న ఆచారం. మంచి ఆచారమే. కాని ఆ కొద్ది దినాలు పెట్టి మానివేయుట ఎందుకో మాకు అర్థం కాదు. ఆ పిల్ల ఎదిగేది ఆ వారంలో కాదు, రాబోయే నాలుగైదేండ్లలో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 59 మందికి, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన కూడికలో ఒక వరుసలో కూర్చున్న పదిమంది అక్కచెల్లెండ్రను తలంచుకొంటే ఆ లెక్క ఏమిటో తెలుస్తుంది. ఉండలు తింటే రక్తం పడుతుందని పెద్దలంటారు. అందులో కొంత నిజమున్నది గాని, గింజలలోని ఇనుము శరీరానికి సులువుగా పట్టదు. ఉండతో పాటు జామకాయో, ఉసిరికాయో తింటే కొంత మేలు, వెంటనే టీ త్రాగితే ఆ కొంచెమూ పోతుంది. ఆసుపత్రిలోనో, బడిలోనో ఇచ్చిన ఐరన్ మాత్రలను చిమ్మిలి ఉన్నది కదా అని గూట్లో పడేయకండి.

మినుములు, నువ్వులు కలిపి తినుటలో మరొక సూక్ష్మమున్నది. పప్పుధాన్యాలలో తక్కువపడే ఒక అంశము నువ్వులలో సమృద్ధిగా ఉన్నది. అన్నంలో తక్కువపడేది పప్పులో ఉన్నది. ఒకదాని కొరత ఒకటి తీర్చుకొంటాయి. సున్నిపిండిలో గుప్పెడు వేపిన నువ్వులు కలిపే ఇండ్లు కొన్ని చూచాము, వారు తెలియకనే మంచి పని చేస్తున్నారు.

బందరు లడ్డు సంగతి ఎవరైనా అడుగుతారేమో. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లడ్డు మన జిల్లాకు పేరు తెచ్చినదే గాని, అది నూనె లేక నెయ్యి కాగబెట్టి, పాకం పట్టి, తొక్కి చేసే వస్తువు. పండుగకు కొనుక్కుందాము. రోజూ పిల్లవాని సంచిలో వేసేది కాదు.

ఆదివారపు బడిలో దానియేలు, అతని స్నేహితులు శాకధాన్యాలు తిన్న కథ వచ్చినప్పుడు ఉండలు పంచిపెట్టే ఉపాధ్యాయినులున్నారు. అది దేవుని కృపను చెప్పే కథ గాని పప్పుల ప్రచారం కాదు. అయినా గుప్పెడు తినిపించుటకు పనికి వచ్చిందంటే మాకు అభ్యంతరం లేదు. 2020లో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులలో మధ్యాహ్న భోజనంతో వేరుసెనగ చిక్కీ ఇచ్చుట ప్రారంభించినప్పుడు పిల్లలు ఎంత ఇష్టంగా తిన్నారో తల్లులకు తెలుసు.

యౌవనస్థులకు ఒక మాట. కండలు పెరగాలని జిమ్ముకు పోయి, పెద్ద డబ్బాల ప్రొటీన్ పొడి కొనమని తల్లిదండ్రులను ఒత్తిడి చేయువారున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలలో, కండల కోసం ఇటువంటి పొడులు వాడవద్దనే చెప్పింది.

ఎవరెవరు జాగ్రత్తపడాలో కూడా చెప్పాలి. ఏడాది నిండని బిడ్డకు ఉండ పెట్టవద్దు. ఐదేండ్లలోపు వారికి పలుకులు తగలకుండా మెత్తగా చేసి, చిదిపి, ప్రక్కన కూర్చొని తినిపించండి. గింజ గొంతుకు అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. వేరుసెనగ గాని నువ్వులు గాని తినగానే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు వాటి జోలికి పోరాదు. మధుమేహం ఉన్నవారికి బెల్లం కూడా చక్కెరే, 'బెల్లం కదా, ఏమీ కాదు' అని తాతయ్యగారికి పెట్టకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడిగిన తరువాతే తినాలి.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే, రోజుకొక్క ఉండ చొప్పున అర కిలో మినుములు పదిహేడు రోజులకు వస్తాయి. ఏడాదికి పదకొండు కిలోలు, అనగా ఒక క్వింటాలులో పదో వంతు చిల్లర. కొత్త మినుములు ఇంటికి రాగానే, కాటా వేయించుటకు ముందే అంత తీసి ప్రక్కన పెట్టండి. రెండు మూడు ఎండలు గట్టిగా ఎండబెట్టి, చల్లారిన తరువాత, ఎండిన వేపాకు వేసిన డబ్బాలో పోసి మూత బిగించండి. వర్షాకాలంలో ఒకసారి తీసి చూచి, పుచ్చు కనబడితే మరల ఎండలో పోయండి. సొంత చేను లేని కూలి కుటుంబాలవారు మినుము పీకుటకు వెళ్ళినప్పుడు కూలిలో కొంత గింజగా అడిగి పుచ్చుకొనే వీలుంటే పుచ్చుకోండి, బజారులో తరువాత కొనేదానికంటే అదే మేలు.