కొత్తగా కట్టిన ఇంజిన్ ఎందుకు లాగదు?

పాలకొల్లులో కొబ్బరికాయల లోడు ఎత్తిన పాత లారీని ఊహించుకోండి. ఇంజిన్ విప్పి, బోరు చేయించి, కొత్త రింగులు వేశారు. అయినా స్టార్టవడానికి మొరాయిస్తోంది. స్టార్టయినా పొగ కక్కుతోంది, లోడు లాగడం లేదు.

ముందు తేలికైనవి చూడాలి. డీజిల్ పైపుల్లో గాలి చిక్కుకుంటే పంపు ఇంధనాన్ని సరిగా నెట్టలేదు. గాలి తీసేశాక కూడా దారికి రాకపోతే అనుమానం క్యామ్‌షాఫ్ట్ మీదికి వెళ్లాలి.

ఇదో లోహపు కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఉబ్బు పైకి వచ్చినప్పుడల్లా ఒక వాల్వు తెరుచుకుంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్ 2 చుట్లు తిరిగితే క్యామ్ 1 చుట్టే తిరగాలి. అందుకే క్యామ్ చక్రానికి రెట్టింపు పళ్లు! బిగించేటప్పుడు చక్రాల మీది గుర్తులు కలపాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వులు వేళ తప్పుతాయి. క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే టాపెట్ సందునూ ఫీలర్ గేజ్‌తో కొలవాలి. మరీ బిగువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. డీజిల్ అంటుకునేది గాలిని నొక్కితే పుట్టే వేడికే కదా!

మరి క్యామే అరిగిపోయి ఉంటే కొత్తది ఎలా ఎంచాలి? రేసు కారు క్యామ్ వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అది వేగంగా తిరిగే ఇంజిన్‌కు మేలు. లారీకి నిదానంగా తిరిగేటప్పుడే బలం కావాలి. పైగా డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వుకు మిగిలే చోటు చాలా తక్కువ. ఉబ్బు ఎత్తు పెరిగితే రెండూ ఢీకొనే ప్రమాదముంది. కాబట్టి కంపెనీ కొలతల క్యామే సరైనది. దాంతోపాటు కొత్త టాపెట్లూ వేయాలి, అరిగిన పాతవి కొత్త ఉబ్బుల్ని కొరికేస్తాయి.